వేప్ పెన్: నిర్మాణం, ఎంపిక ప్రమాణాలు, ప్లేనోలో చట్టం

వేప్ పెన్ అంటే కలం ఆకారంలో ఉండే ఎలక్ట్రానిక్ సిగరెట్. చొక్కా జేబులో ఇమిడిపోతుంది. ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన మౌత్‌పీస్, నడుమ ద్రవం నింపే చిన్న ట్యాంకు, ఆ ట్యాంకులో వేడెక్కే తీగచుట్ట. దీని సరంజామా అంతా ఇదే. బటన్ నొక్కి పీలిస్తే నికోటిన్ కలిసిన ద్రవం వేడికి సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆకు కాలదు, మంట ఉండదు, బూడిద రాలదు.

సిగరెట్ మానదలచినవారికి తొలి పరికరంగా అమెరికా దుకాణాలు ఏళ్ల తరబడి దీన్నే చూపించాయి. కారణం దాని సులువు. ఆ సులువే దాని గుణం, దోషం కూడా. ముప్ఫై ఏళ్లుగా పొగతాగినవాడి చేతికి మంటలేని ప్రత్యామ్నాయం ఎంత తేలిగ్గా అందిందో, ఎన్నడూ పొగ ఎరగని బడిపిల్లవాడి చేతికీ అంతే తేలిగ్గా అందింది. అందుచేత దీన్ని బేరీజు వేయాలంటే పరికరం కన్నా ముందు దాన్ని వాడబోయే మనిషిని చూడాలి.

ఈ వ్యాసానికి నేపథ్యం టెక్సాస్ రాష్ట్రంలోని ప్లేనో. డల్లాస్‌కు ఉత్తరాన కాలిన్ కౌంటీలో ఉన్న ఈ నగరంలో 2020 జనగణన ప్రకారం 2,85,494 మంది ఉన్నారు. ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. ఈ ఊరివారికి వేప్ పెన్ ఒక వస్తువే అయినా దాని మీద మూడు చట్టాల నీడ పడుతుంది: టెక్సాస్‌ది, అమెరికా ఫెడరల్ ప్రభుత్వానిది, సెలవులకు ఇంటికి వెళ్తే ఇండియాది.

చరిత్ర

పొగాకు కాల్చకుండా పొగతాగిన అనుభూతి ఇవ్వాలన్న ఆలోచన పాతదే. పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో ఇలాంటి పరికరానికి దరఖాస్తు పెట్టి 1965లో పేటెంట్ పొందాడు. అది మార్కెట్‌కు రాలేదు. నేటి ఎలక్ట్రానిక్ సిగరెట్‌కు మూలపురుషుడిగా చెప్పేది చైనా ఫార్మసిస్టు హాన్ లిక్‌ని. 2003లో అతను రూపొందించిన నమూనా కొద్దికాలానికే చైనాలో అమ్మకానికి వచ్చి, 2006, 2007 నాటికి అమెరికా చేరింది.

మొదటి తరం పరికరాలు అచ్చం సిగరెట్‌లాగే ఉండేవి. బ్యాటరీ మరీ చిన్నది కావడంతో గంటల్లోనే చార్జి అయిపోయేది. 2010 ప్రాంతంలో షెన్‌జెన్ నగరపు జాయ్‌టెక్ కంపెనీ ఈగో పేరుతో తెచ్చిన పరికరం ఆ లోటు తీర్చింది. సిగరెట్ ఆకారాన్ని వదిలేసి, లావైన బ్యాటరీతో కలం రూపం తీసుకుంది. వేప్ పెన్ అన్న మాటకు స్థిరరూపం ఇచ్చింది ఇదే. తర్వాత పెద్ద పెట్టెల్లాంటి మాడ్‌లు, 2015లో జూల్ వంటి, ద్రవం ముందే నింపిన పాడ్‌లు, 2019 నుంచి వాడి పారేసే డిస్పోజబుల్‌లు వచ్చాయి. పెన్ వీటన్నిటి మధ్యా మిగిలే ఉంది.

లోపలి అమరిక

వేప్ పెన్ పనిచేసే తీరు దీపం తెలిసినవారికి కొత్తేమీ కాదు. ప్రమిదలో నూనె ఉన్నట్టు ట్యాంకులో ద్రవం ఉంటుంది. వత్తి నూనెను పైకి లాగినట్టు దూది వత్తి ద్రవాన్ని పీల్చి కాయిల్ అనే తీగచుట్ట దగ్గరకు చేరుస్తుంది. తేడా ఒక్కటే: ఇక్కడ వత్తి అంటుకోకూడదు. అంటుకుంటే కాయిల్ పాడైనట్టే.

కాయిల్ సాధారణంగా కాంతల్ లేదా నైక్రోమ్ తీగ. కరెంటు పారితే వేడెక్కుతుంది. ద్రవంలో ప్రధానంగా రెండు పదార్థాలు ఉంటాయి: సుమారు 188 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ప్రొపిలీన్ గ్లైకాల్, సుమారు 290 డిగ్రీల వద్ద మరిగే గ్లిజరిన్. మొదటిది పలచగా ఉండి గొంతులో ఘాటు ఇస్తుంది. రెండోది చిక్కగా ఉండి మబ్బులాంటి తుంపర ఇస్తుంది. వీటిలో నికోటిన్, రుచులు కలుపుతారు. దుకాణాల్లో ఈ ద్రవాన్ని జ్యూస్ అంటారు. వాడుకలో ఆవిరి అంటున్నా బయటికి వచ్చేది నీటి ఆవిరి కాదు, ఈ రసాయనాల తుంపర.

బ్యాటరీని, ట్యాంకును కలిపే మరకు 510 అని పేరు. 7 మిల్లీమీటర్ల వ్యాసం, అర మిల్లీమీటరు ఎడంతో చుట్లు. ఈ కొలత పరిశ్రమంతటికీ ప్రమాణమైపోవడంతో ఏ కంపెనీ ట్యాంకునైనా ఏ కంపెనీ బ్యాటరీకైనా బిగించవచ్చు. ఈ సౌకర్యమే తర్వాత చెప్పబోయే ఒక పెద్ద చిక్కుకు కారణమైంది.

ఎంపిక ప్రమాణాలు

కొత్తవారికి తగిన పెన్నును అయిదు అంశాల మీద పరీక్షిస్తారు.

బ్యాటరీ: సగటు పెన్నులో 650 నుంచి 1100 మిల్లీ ఆంపియర్ అవర్ల లిథియం అయాన్ బ్యాటరీ ఉంటుంది. 650 రకాన్ని లెక్క కట్టి చూద్దాం. సగటు వోల్టేజి 3.7తో గుణిస్తే సుమారు 2.4 వాట్ అవర్ల శక్తి. కాయిల్ నిరోధం 2 ఓములైతే 3.7 వోల్టుల వద్ద అది దాదాపు 6.8 వాట్లు తీసుకుంటుంది. అంటే బ్యాటరీ దాన్ని ఆగకుండా 21 నిమిషాలు వేడి చేయగలదు. మూడేసి సెకన్ల దమ్ములుగా విడగొడితే కాగితం మీద నాలుగు వందల పైచిలుకు. ఆచరణలో అంతకన్నా తక్కువే వస్తుంది. రోజుకు ఒక పెట్టె సిగరెట్లు తాగేవారికి అది ఒక రోజుకు సరిపోవచ్చు, చాలకపోవచ్చు కూడా. అందుకే మొదటిసారి కొనేవారు రెండు బ్యాటరీలున్న కిట్టు తీసుకునేవారు.

కాయిల్: కొత్తవారికి 1.5 నుంచి 2.4 ఓముల మధ్య ఉండేది నయం. దానితో సిగరెట్ తాగినట్టే ముందు నోట్లోకి లాగి, తర్వాత లోపలికి పీల్చే పద్ధతి కుదురుతుంది. అర ఓము కాయిల్ అదే వోల్టేజి వద్ద 27 వాట్ల దాకా లాగి మబ్బులు మబ్బులుగా తుంపర వదులుతుంది. అది అలవాటున్నవారి వ్యవహారం.

ట్యాంకు: మూడు చూడాలి. ద్రవం ఎంత మిగిలిందో బయటికి కనిపించాలి, కాయిల్ ఒక్కటే మార్చుకునే వీలుండాలి, కారకూడదు. చవక పెన్నుల మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు కారడమే. చొక్కా జేబులో అడ్డంగా పడుకోబెట్టినా, వేసవిలో కారులో వదిలేసినా ద్రవం పలచబడి అడుగు నుంచి జారుతుంది. జులై, ఆగస్టు నెలల్లో ఎండ తరచుగా 38 డిగ్రీలు దాటే ఉత్తర టెక్సాస్‌లో ఇది చిన్న విషయం కాదు. ఆ వేడి బ్యాటరీకి కూడా చేటే.

భద్రతా ఏర్పాట్లు: బటన్ అయిదుసార్లు గబగబా నొక్కితే ఆన్, మళ్లీ అయిదుసార్లు నొక్కితే ఆఫ్ కావడం మంచి పెన్నుకు కనీస లక్షణం. ఎక్కువసేపు నొక్కి ఉంచితే దానంతటదే ఆగిపోవాలి. షార్ట్ సర్క్యూట్ అయితే లైటు మిణుకుమిణుకుమని సంకేతం ఇవ్వాలి.

నికోటిన్ గాఢత: మిల్లీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని సీసా మీద ఉంటుంది. 18 అన్నా 1.8 శాతం అన్నా ఒకటే. ఒక సిగరెట్‌లో 10 నుంచి 12 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నా తాగేవారి ఒంట్లోకి చేరేది ఒకటి, రెండు మిల్లీగ్రాములే. 18 గాఢత ద్రవంతో 2 మిల్లీలీటర్ల ట్యాంకు నింపితే అందులో 36 మిల్లీగ్రాములుంటాయి. ఐరోపా సమాఖ్య 20 మిల్లీగ్రాముల దగ్గర గీత గీసింది. అమెరికాలో అలాంటి పరిమితి లేదు. జూల్ పాడ్‌లలో 5 శాతం రకంలో మిల్లీలీటరుకు దాదాపు 59 మిల్లీగ్రాములు ఉంటుంది. అది నికోటిన్ లవణం రూపంలో ఉండటం వల్ల గొంతు మండదు, కాబట్టి ఎంత లోపలికి పోతోందో తాగేవారికి తెలియదు.

తొలి వాడకంలో పొరపాట్లు

కొత్త కాయిల్ బిగించి, ట్యాంకు నింపి, వెంటనే బటన్ నొక్కడం అందరూ చేసే తప్పు. దూది ఇంకా తడవలేదు. మొదటి దమ్ముకే అది మాడి, కాలిన గుడ్డ వాసన గొంతును పట్టేస్తుంది. ఒకసారి మాడిన వత్తికి మందు లేదు, కాయిల్ పారేయాల్సిందే. రెండు చుక్కలు నేరుగా దూది మీద వేసి, ట్యాంకు నింపి, పది నిమిషాలు నిలబెట్టి ఉంచితే ఈ తిప్పలు తప్పుతాయి. నింపేటప్పుడు మధ్యలో ఉన్న గొట్టంలోకి ద్రవం పోనీయకూడదు. పోతే గుడగుడమని శబ్దం చేసి నోట్లోకి చిమ్ముతుంది.

సిగరెట్‌ను చప్పరించినట్టు బలంగా లాగడం రెండో తప్పు. పెన్నుకు నిదానంగా మూడు, నాలుగు సెకన్ల దమ్ము కావాలి. గట్టిగా లాగితే కాయిల్ మునిగిపోతుంది. ద్రవం అయిపోయాక కూడా లాగుతూ ఉండటం మూడోది. ఎండిన వత్తి మీద వేడి విపరీతంగా పెరిగి ఫార్మాల్డిహైడ్ వంటి విషపదార్థాలు పుడతాయి. మాడు రుచి తగిలిందంటే ఆపేయమని అర్థం.

బ్యాటరీ ప్రమాదాలు

పెన్ను ఆకారంలోనే ఒక ప్రమాదం ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ విఫలమైతే లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. సన్నని గొట్టంలో బిగించి ఉండటం వల్ల ఆ ఒత్తిడికి దారి రెండు కొసలే. అమెరికా అగ్నిమాపక పాలన విభాగం 2014లో ఇచ్చిన నివేదిక ఈ సంగతినే ఎత్తిచూపింది. 2009 నుంచి 2014 ఆగస్టు వరకు వార్తలకెక్కిన 25 ఘటనల్లో 80 శాతం చార్జింగ్ సమయంలో జరిగినవే. 2017 నివేదికలో 2009 నుంచి 2016 వరకు 195 ఘటనలు నమోదయ్యాయి. 38 మందికి తీవ్ర గాయాలయ్యాయి.

ప్లేనోకు దగ్గరలోనే ఒక ప్రాణం పోయింది. 2019 జనవరిలో ఫోర్ట్‌వర్త్‌కు చెందిన 24 ఏళ్ల యువకుడు కెల్లర్ పట్టణంలో ఒక దుకాణం బయట ఉండగా చేతిలోని వేప్ పెన్ పేలింది. లోహపు ముక్క మెడ రక్తనాళాన్ని తెంచింది. ఆసుపత్రిలో చనిపోయాడు.

పరికరంతో వచ్చిన చార్జర్‌నే వాడటం, రాత్రి నిద్రపోయేటప్పుడు చార్జింగ్‌కు పెట్టకపోవడం, దెబ్బతిన్న బ్యాటరీని వాడటం మానేయడం ఇందుకు జాగ్రత్తలు. పాత పెన్నును ఇంటి చెత్తలో వేయకుండా బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వాలి.

ద్రవం సీసా కూడా ప్రమాదకరమే. 10 మిల్లీలీటర్ల 18 గాఢత సీసాలో 180 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. చిన్నపిల్లలు మింగితే ప్రాణాంతకం. 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది బిడ్డ ఇలాగే చనిపోయాక, పిల్లలు తీయలేని మూతలు తప్పనిసరి చేస్తూ 2016 జనవరిలో ఫెడరల్ చట్టం వచ్చింది. మింగినట్టు అనుమానం వస్తే అమెరికాలో ఎక్కడినుంచైనా విషచికిత్స కేంద్రం నంబరు 1-800-222-1222కు ఫోన్ చేయవచ్చు.

ఆరోగ్యం: రెండు లెక్కలు

పొగతాగేవారి లెక్క వేరు. సిగరెట్‌లో ప్రాణం తీసేది ప్రధానంగా కాలిన ఆకు నుంచి వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్. నికోటిన్ అలవాటును బిగిస్తుంది. వేప్ పెన్ మొదటి రెంటినీ చాలావరకు తొలగించి మూడోదాన్ని అలాగే ఉంచుతుంది. ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం 2015లో వేపింగ్ సిగరెట్ కన్నా 95 శాతం తక్కువ హానికరమని అంచనా వేసింది. ఆ అంకెపై వైద్యుల్లో వాదన ఇంకా నడుస్తున్నా, తక్కువన్న మాటను ఎక్కువమంది ఒప్పుకుంటారు.

మానడానికి ఉపయోగపడుతుందా అన్నదానికి బ్రిటన్‌లో 886 మందిపై జరిపి 2019లో ప్రచురించిన ప్రయోగం స్పష్టమైన జవాబు ఇచ్చింది. ఏడాది తర్వాత సిగరెట్ మానినవారు ఎలక్ట్రానిక్ సిగరెట్ బృందంలో 18 శాతం, ప్యాచ్, గమ్ వంటివి వాడిన బృందంలో 9.9 శాతం. అదే ప్రయోగంలో ఇంకో అంకె ఉంది. అలా మానినవారిలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ చేస్తూనే ఉన్నారు. ప్యాచ్, గమ్ బృందంలో అలా కొనసాగినవారు 9 శాతమే. సిగరెట్ పోయింది, నికోటిన్ పోలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇప్పటివరకు ఏ వేప్‌నూ పొగ మాన్పించే మందుగా ఆమోదించలేదు. ప్యాచ్, గమ్, లాజెంజ్, వరెనిక్లిన్, బుప్రోపియాన్‌లకు ఆ ఆమోదం ఉంది.

తెలుగునేలకు పొగాకు కొత్త కాదు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులో ఉంది. గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్టలకు పేరు. ఉత్తరాంధ్రలో మండే కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఆడవారిలో నోటి అంగిలి జబ్బులు తెచ్చింది. ఇలాంటి అలవాటున్న పెద్దవారు పిల్లల దగ్గరకు ప్లేనో వచ్చినప్పుడు వేప్ పెన్ ఒక మెట్టు దిగడమే అవుతుంది.

ఎన్నడూ పొగతాగనివారి లెక్కలో దిగడానికి మెట్టే లేదు, ఎక్కడమే. మెదడు ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆలోగా పట్టిన నికోటిన్ అలవాటు ఏకాగ్రతను, మానసిక స్థితిని దెబ్బతీస్తుంది, వదలడమూ కష్టం. అమెరికా జాతీయ యువ పొగాకు సర్వే ప్రకారం 2019లో హైస్కూలు విద్యార్థుల్లో 27.5 శాతం మంది వేప్ చేశారు. 2024 నాటికి మిడిల్, హైస్కూళ్లలో కలిపి 5.9 శాతానికి, అంటే 16.3 లక్షల మందికి తగ్గింది.

2019లో వేప్ చేసేవారిలో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు ఇంకో పాఠం. 2020 ఫిబ్రవరి 18 నాటికి దేశంలో 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. డల్లాస్ కౌంటీలో పదిహేనేళ్ల వయసువారు ఒకరు చనిపోయినట్టు 2020 జనవరిలో అధికారులు ప్రకటించారు. ప్రధాన కారణంగా తేలింది గంజాయి సత్తు నూనెలో కల్తీకి కలిపిన విటమిన్-ఇ అసిటేట్.

టెక్సాస్, ప్లేనోలలో చట్టం

టెక్సాస్ 2019 సెప్టెంబరు 1 నుంచి పొగాకు, వేప్ ఉత్పత్తులు కొనే వయసును 18 నుంచి 21కి పెంచింది. అదే ఏడాది డిసెంబరు 20న ఫెడరల్ చట్టం దేశమంతా 21 చేసింది. ప్లేనో స్కూలు డిస్ట్రిక్టులో 11, 12 తరగతులకు ప్రత్యేకంగా సీనియర్ హైస్కూళ్లున్నాయి. అక్కడ పద్దెనిమిది నిండినవారు ఓటు వేయగలరు, వేప్ మాత్రం కొనలేరు.

బడిలో వేప్‌తో దొరికితే 2023 సెప్టెంబరు 1 నుంచి విద్యార్థిని క్రమశిక్షణ ప్రత్యామ్నాయ పాఠశాలకు పంపడం తప్పనిసరి అయింది. మొదటిసారి దొరికినవారి విషయంలో 2025లో శాసనసభ ఈ కఠినత్వాన్ని కొంత సడలించింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మరో చట్టం గంజాయి పదార్థాలు, క్రాటమ్ వంటివి కలిపిన వేప్‌ల అమ్మకాన్ని నిషేధించింది. పెన్సిల్, పెన్, హైలైటర్ వంటి బడి సామాను వేషంలో ఉన్న వేప్‌లూ నిషేధంలోకి వచ్చాయి. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. కలం రూపం వల్ల పేరు తెచ్చుకున్న పరికరం నిజమైన కలంలా కనిపిస్తే దాన్ని అమ్మడం ఇప్పుడు నేరం.

ఫెడరల్ స్థాయిలో 2016 ఆగస్టు 8 నుంచి వేప్‌లు ఎఫ్‌డీఏ పరిధిలోకి వచ్చాయి. మార్కెట్లో ఉండాలంటే ముందస్తు అనుమతి కావాలి. అలా మొదటి అనుమతి 2021 అక్టోబరు 12న వ్యూస్ సోలోకు దక్కింది. సన్నగా, కలంలా, మూసిన క్యాట్రిడ్జితో, పొగాకు రుచితో ఉండే పరికరమది. 2025 జులైలో జూల్ ఆ జాబితాలో చేరేనాటికి అనుమతి పొందినవన్నీ పొగాకు, మెంథాల్ రుచులే. పండ్ల రుచుల ద్రవానికి అనుమతి నిరాకరించడాన్ని టెక్సాస్ వ్యాపారసంస్థ ట్రైటన్ డిస్ట్రిబ్యూషన్ సవాలు చేసి అప్పీలు కోర్టులో గెలిచింది. 2025 ఏప్రిల్ 2న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును పక్కన పెట్టింది. దుకాణంలో అమ్ముతున్నారు కాబట్టి అనుమతి ఉన్నట్టే అనుకోవడం పొరపాటు.

గంజాయి క్యాట్రిడ్జి చిక్కు

510 మర ఉన్న బ్యాటరీకి తన మీద బిగించింది నికోటినా, గంజాయి సత్తా అన్నది తెలియదు. పోలీసుకు మాత్రం తెలుస్తుంది. టెక్సాస్‌లో గంజాయి ఆకు కొద్దిగా దొరికితే చిన్న నేరం. సత్తు నూనె గ్రాము కన్నా తక్కువ దొరికినా అది ఫెలనీ, అంటే తీవ్ర నేరం; శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. స్నేహితుడు ఇచ్చిన పెన్ను బ్యాగులో ఉన్నా ఇదే లెక్క. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారికి, వారి పిల్లలకు దీని పర్యవసానం జైలుతో ఆగదు. మాదకద్రవ్యాల కేసులో దోషిగా తేలితే వీసా, గ్రీన్ కార్డు ప్రమాదంలో పడి దేశం వదలాల్సి రావచ్చు.

ఇండియా ప్రయాణం

విమానంలో వేప్ పెన్నును చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉంచాలి. విమానంలో వాడకం నిషిద్ధం. హైదరాబాద్‌లో దిగాక సమస్య మారుతుంది. ఇండియా 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుతో, డిసెంబరులో చట్టంతో ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటనలను నిషేధించింది. నిల్వ కాకుండా మిగతావాటిలో మొదటి నేరానికి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్లు, అయిదు లక్షల దాకా. వాడినవారికని విడిగా శిక్ష చెప్పకపోయినా దిగుమతి నిషేధంలోనే ఉంది. ప్లేనోలో చట్టబద్ధంగా కొన్న పెన్నును అక్కడే వదిలి విమానం ఎక్కడం మేలు.

మూల్యాంకనం

పరికరంగా చూస్తే సాదా వేప్ పెన్ తన పని చేస్తుంది. పట్టుకోవడం సులువు, నేర్చుకోవడం సులువు, ధర తక్కువ. రోజూ చార్జి చేయాలి, ఒకటి రెండు వారాలకోసారి కాయిల్ మార్చాలి, కారుతుంది. సిగరెట్‌ను పూర్తిగా వదిలి, నికోటిన్ గాఢతను 18 నుంచి 12కు, 6కు, చివరికి సున్నాకు దించుకుంటూ పోయేవారికి అది ఒక సాధనం. సిగరెట్‌తో పాటు దీన్ని కూడా వాడేవారికి లాభం పెద్దగా లేదు, ఖర్చు రెట్టింపు. పొగ ఎరగని వారికి ఈ వర్గంలో మంచి పెన్ను అంటూ లేదు. బ్యాటరీ ఎంత మంచిదైనా, ట్యాంకు కారకపోయినా, చట్టం అనుమతించినా ఆ అంచనా మారదు.